రెండు రూపాల పులి

(ఉగాది ఉత్సవములలో పిల్లల బొమ్మల ప్రదర్శన సందర్భమున చేసిన ప్రసంగ పాఠము)

ముందు వరుసలో చాపమీద కూర్చొని, మా ముఖము చూడక మా సంచివంకే చూస్తున్న బాలబాలికలకు ఆశీస్సులు.

బొమ్మలనుగురించి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యదర్శిగారు మమ్ము కోరినారు. బొమ్మలనగానే మీలో చాలమందికి కొండపల్లి అంబారీ ఏనుగు కండ్లకు కట్టి ఉంటుంది. దాని దగ్గరకు కూడా వస్తాము. కాని మా సంచిలో ఉన్నది అది కాదు. ఇదిగో, చూడండి. ఇది ప్లాస్టిక్ పులి. పద్దెనిమిది మలుపులు తిప్పితే ఇది మరమనిషి అవుతుంది. పిల్లల భాషలో రోబో. ఆ పద్దెనిమిది మలుపులూ వెనుకకు తిప్పితే మళ్ళీ పులి. దీని గుణదోషములే నేటి మా ప్రసంగ విషయము.

"తల నెరిసినవారికి ఈ పిల్లల వస్తువుతో ఏమి పని?" అని మీరు అడగవచ్చు. మేము ఈ బెంగుళూరులో ముప్పదిరెండు సంవత్సరములు ఒక కర్మాగారములో అచ్చులు చేసే పనిలో బ్రతికినాము. ప్లాస్టిక్ కరగించి పోసే ఉక్కు అచ్చులు. మాకు కావ్యములలో ప్రవేశము తక్కువ. కీళ్ళలోను, శీలలలోను కొంత ఎక్కువ. అదీగాక ఈ పులి మా ఇంటిలో ఒక ప్రశ్న లేవదీసింది. ఆ సంగతి చివర చెబుతాము.

ముందు దీని వంశచరిత్ర. ప్రాణములేని వస్తువుకు కీళ్ళు పెట్టి ఆడించటము మనకు కొత్త కాదు. కీలుబొమ్మ అనే మాట మన భాషలో ఉండనే ఉన్నది; ఒకరి చెప్పుచేతలలో మెలిగేవాడిని ఎత్తిపొడవటానికి కూడా దానినే వాడుకొంటున్నాము. 1949లో అక్కినేని నాగేశ్వరరావుగారు, అంజలీదేవిగారు నటించిన కీలుగుర్రం చిత్రమునుగురించి మీ ఇండ్లలో పెద్దలు చెప్పగా వినే ఉంటారు. ఇచ్ఛ వచ్చిన రూపము ధరించేవాడిని కామరూపి అంటాము. హనుమంతుడు అట్టివాడని పసిబిడ్డలకు కూడా తెలుసు. కాబట్టి కీలు మనకు తెలుసు, రూపము మార్చటమూ తెలుసు. ఆ రెంటినీ కలిపి అరచేతిలో ఇమిడే సరుకుగా చేసి లోకమంతటా అమ్మించినవారు మాత్రము జపానువారు.

1980 తరువాత జపానులో టకారా అనే బొమ్మల సంస్థవారు కార్లుగాను, విమానములుగాను మారే మరమనుషులను చేసినారు. అమెరికాలోని హాస్‌బ్రో సంస్థవారు ఆ అచ్చులు తీసుకొని 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ అనే పేరుతో అమ్మటము మొదలుపెట్టినారు. మరుసటి సంవత్సరము, 1985లో, రాక్షసిబల్లులుగా మారేవి వచ్చినవి. 1996లో బీస్ట్ వార్స్ అనే వరుస వచ్చింది. అందులో నాయకుడు గొరిల్లా; వెంట చీతా, ఖడ్గమృగము, ఎలుక. అప్పటినుండి జంతువుగా మారే రోబో ఒక ప్రత్యేకమైన జాతిగా నిలిచింది. మా చేతిలోని పులి ఆ పెద్ద సంస్థలది కాదు. పేటలో ఒక చిన్న దుకాణములో కొన్నది; పెట్టెమీద ఊరు పేరు కూడా సరిగా లేదు. అయినా జాతిలక్షణములు అవే.

ఇక గుణములు.

మొదటి గుణము, దీనిలో విడి భాగము ఒక్కటి కూడా లేదు. పులికి కావలసినదంతా రోబోలో ఉన్నది. రోబోకు కావలసినదంతా పులిలో ఉన్నది. మంచము క్రిందికి దొర్లిపోయేది లేదు, పనిమనిషి చీపురుకు చిక్కి కనబడకుండా పోయేది లేదు. వెనుక కాళ్ళు రోబోకు కాళ్ళవుతవి, ముందు కాళ్ళు చేతులవుతవి, తోక ఊడివచ్చి కత్తి కాదు, మడతపడి వెన్నెముకగా నిలుస్తుంది. ఒక భాగముచేత రెండు పనులు చేయించటమే అచ్చుపనివాడికి పరమార్థము. పొదుపు అంటే తక్కువ ప్లాస్టిక్ వాడటము కాదు, వాడిన ప్రతి ముక్కచేత ఊడిగము చేయించటము.

రెండవ గుణము, కారుకంటె జంతువు రోబోకు దగ్గరి చుట్టము. కారుకు మోచేయి లేదు, మోకాలు లేదు. కారులోనుండి మనిషిని తీయాలంటే కాళ్ళు చేతులు డబ్బాలో దాచినట్లు దాచాలి. పులికి దేవుడే నాలుగు అవయవములు, మెడ, నడుము ఇచ్చినాడు. నిలబెడితే సగము పని అయినట్లే. బీస్ట్ వార్స్ బొమ్మలలో గుండు కీలు విరివిగా వాడినది ఇందుచేతనే. ఒక గుండు, దానిని పట్టుకొనే ఒక గుంట. ఏ వైపుకైనా తిరుగుతుంది. మన భుజములో ఉన్నది కూడా అట్టిదే.

మూడవ గుణము అన్నిటికంటె గొప్పది. దీనికి బ్యాటరీ లేదు, తాళపుచెవి లేదు. కదిలించేది పిల్లవాడి చెయ్యి. ఈ మైసూరు రాజ్యములోనే టిప్పుసుల్తానుకొరకు చేసిన పులియంత్రమొకటి ఉన్నది. ఒక తెల్లవాడిని పులి పడవేసి మీద ఎక్కి కూర్చొని ఉంటుంది. పిడి తిప్పితే ఆ మనిషి చెయ్యి లేస్తుంది, మూలుగు వినబడుతుంది, పులి గాండ్రిస్తుంది. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయినప్పుడు ఆంగ్లేయులు పట్టుకొనిపోయినారు. నేడు లండనులో విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములో ఉన్నది. అద్భుతమే. కాని పిడి తిప్పినవాడు ప్రేక్షకుడు. మా పులి విషయములో అట్లా కాదు. మెడ మడవకముందు భుజము తిప్పితే చెవి అడ్డము వస్తుంది. నడుము తిరగకముందు కాళ్ళు సాగదీస్తే తోక ఇరుక్కుంటుంది. ఏది ముందు, ఏది వెనుక అనే క్రమము వేళ్ళకు తెలియాలి. మా మనుమడు ఎనిమిదేండ్లవాడు. ఎక్కము అప్పజెప్పమంటే తలుపు చాటుకు పోతాడు గాని, ఈ పద్దెనిమిది మలుపులు కండ్లు మూసుకొని తిప్పుతాడు.

ఇంతవరకు పొగడినాము. ఇక దోషములు. బొమ్మ మనది కదా అని దాచటము అచ్చుపనివాడి ధర్మము కాదు.

మొదటిది, రెండు రూపములకు చెందిన వస్తువు ఏ రూపములోను సంపూర్ణముగా ఉండదు. పులిని తిరగవేసి చూడండి. పొట్ట క్రింద రెండు పిడికిళ్ళు ముడుచుకొని ఉన్నవి. రోబోను వెనుకనుండి చూడండి. చారల చర్మము మూటవలె వీపున వ్రేలాడుతున్నది. పులి వంపుల జంతువు. ఆ వంపుల తొక్కను విప్పిన తరువాత దాచటానికి చోటు లేదు. కొందరు పులితలను రోబో రొమ్మున అలంకారముగా నిలుపుతారు, అది తెలివి. కొందరు తొక్కనంతా వీపున పడవేస్తారు, అది సోమరితనము. ఈ మూటబరువువలన మా రోబో నిలబెట్టగానే వెల్లకిలా పడుతుంది.

రెండవది, మలుపులు ఎక్కువైతే ఆట తక్కువవుతుంది. అయిదేండ్ల బిడ్డకు ఇరవై మలుపుల బొమ్మ కొని ఇస్తే తిప్పేది తండ్రి. ఆయనకు ఆదివారము ఒకసారి ఓపిక ఉంటుంది. మిగిలిన ఆరు రోజులు బొమ్మ ఒకే రూపములో అలమరలో నిలబడుతుంది. అప్పుడు దానికి రెండవ రూపము ఉన్నా లేనట్లే.

మూడవది, అసలైనది, కీలు. ఇక్కడ కొంచెము మా వృత్తి సంగతి చెప్పాలి. ఇట్టి బొమ్మల గట్టి భాగములకు ఎక్కువగా ఏబీఎస్ అనే ప్లాస్టిక్ వాడుతారు. కరగిన ప్లాస్టిక్ అచ్చులో ఏరువలె పారుతుంది. చల్లారేటప్పుడు వెయ్యికి సుమారు అయిదు పాళ్ళు కుదించుకొంటుంది; ఆ లెక్క తప్పితే కీలు బిగుసుకొనిపోతుంది, లేదా వదులై వ్రేలాడుతుంది. శీల పట్టటానికి అచ్చులో రంధ్రము వదలుతాము గదా, ఆ చోట ఏరు రెండు పాయలుగా చీలి, అవతలి వైపున మళ్ళీ కలుస్తుంది. కలిసేటప్పటికి పాయలు కొంత చల్లారి ఉంటవి గనుక అతుకు పూర్తిగా కుదరదు. వెలుతురుకు పట్టి చూస్తే వెండ్రుకవంటి గీత కనబడుతుంది. బొమ్మ విరిగితే ఎక్కువగా విరిగేది ఆ గీతమీదనే. అంటే బొమ్మకు రెండవ రూపమిచ్చేది ఏ చోటో, ప్రాణాపాయమూ ఆ చోటనే.

నాలుగవది, మెరుపు. 1980 తరువాతి సంవత్సరములలో కొన్ని బొమ్మలకు బంగారు రంగు రేకుపొడి కలిపిన ప్లాస్టిక్ వాడినారు. చూడటానికి దేవుడి కిరీటమువలె ఉండేది. కొన్ని ఏండ్లకు, పెట్టెలోనుండి తీయని బొమ్మలు కూడా ముట్టుకొంటే అటుకులవలె రాలిపోయినవి. మెరుపుకొరకు కలిపినదే బలమును తినివేసింది. వాటిని దాచుకొనేవారు నేటికీ ఆ రంగును చూస్తే భయపడతారు.

ఇట్లా చెప్పినంతమాత్రాన, "అందుకే మన కొయ్యబొమ్మలు మేలు" అని చప్పట్లు కొట్టించుకొనే ఉద్దేశము మాకు లేదు. తూకము రెండు వైపులా వేయాలి. మన కొండపల్లి బొమ్మకు తెల్ల పొణికి కర్ర. చేతులు, తలలు, తొండములు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. తేలిక, సొగసు. కాని పిల్లవాడు స్నానాల గదిలోకి తీసుకొనిపోతే రంగు పోతుంది, క్రింద పడితే చెవి పోతుంది. అది కొలువులో కూర్చోవలసిన బొమ్మ.

చేతికి ఇచ్చి ఆడించవలసినది లక్కబొమ్మ. మనకు ఏటికొప్పాకలో, వరాహనది ఒడ్డున. ఇక్కడివారికి చన్నపట్టణములో, మైసూరు దారిలో సుమారు 60 కిలోమీటర్ల దూరమున. రెండు చోట్లా కర్ర ఒకటే. మనవారు అంకుడు అంటారు, కన్నడిగులు ఆలె మర అంటారు. చెట్టుకు మాత్రము భాషాభేదము లేదు. లేతుమీద తిరుగుతున్న కర్రకు లక్కకడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి లక్క కరగి అంటుకొంటుంది. మొగలి ఆకుతో నొక్కి మెరుగు పెడతారు. ఏటికొప్పాకలో చెట్లనుండి తీసిన సహజమైన రంగులను మళ్ళీ నిలబెట్టిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. ఈ బొమ్మను ఏ బిడ్డ నోట పెట్టుకొన్నా తల్లి గుండె అదరదు. దీనికి కీలు లేదు, కనుక విరగదు. కాని రూపము కూడా ఒకటే. బుగరి బుగరే, గిలక గిలకే. రెండవ రూపము పిల్లవాడు మనసులో కల్పించుకోవాలి. అది దాని గొప్ప. అదే దాని హద్దు. ఎనిమిదేండ్లు వచ్చినవాడు దానిని చెల్లెలికి ఇచ్చివేస్తాడు.

ఇప్పుడు ఆ ప్రశ్న సంగతి.

మొన్నటి దసరాలో మా ఇంట బొమ్మల కొలువు పెట్టినాము. మా కోస్తా జిల్లాలో కొలువు సంక్రాంతికి. ఇక్కడ అందరూ దసరాకు పెడుతుంటే మేమూ దసరాకే మార్చుకొన్నాము. మెట్లమీద ఈ పులికి కూడా చోటు కావాలని మా మనుమడు పట్టుబట్టినాడు. సరే, అమ్మవారి వాహనమే గదా అని వాళ్ళ నానమ్మ ఒప్పుకొన్నది. పేరంటానికి వచ్చినవారి పిల్లలకు తిప్పి చూపుతుండగా టక్కుమని తుంటి కీలు విరిగింది. సరిగా సగములో. పైన పులితల, క్రింద మనిషికాళ్ళు. ఇటు తిరగదు, అటు తిరగదు.

మా అబ్బాయి, "పోనీలేరా, ఫోనులో ఇంకొకటి తెప్పిస్తాను, రేపు పొద్దుటికి వస్తుంది" అన్నాడు. వాడు "వద్దు నాన్నా" అని, విరిగినదానిని తెచ్చి మా ఒడిలో పెట్టి, "తాతయ్యా, ఇప్పుడు ఇది పులా, రోబోనా?" అని అడిగినాడు. మేము నవ్వినాము. వాడు నవ్వలేదు.

ఆ రాత్రి మా కోడలు చెప్పగా తెలిసింది. వేసవి సెలవులలో కావలిలో అమ్మమ్మగారి ఇంట, అన్నము వడ్డిస్తుంటే వీడు పరాకున "బేడ" అన్నాడట. ఇక సెలవులు అయ్యేవరకు పిల్లలందరూ వీడిని "కన్నడం అబ్బాయి" అనే పిలిచినారట. ఇక్కడికి వస్తే బడిలో తోటివారికి వీడు "తెలుగు హుడుగ". ఎవరూ కీడు తలచి అన్న మాటలు కావు. పిల్లలు పిల్లలను అనుకొనే మాటలే. కాని వాడు ఆరు నెలలుగా ఆ సంగతి మాతో చెప్పలేదు. ఒక తెలుగు మాటకొరకు వెతుక్కొనవలసి వచ్చినప్పుడు ఊరకుండటము మాత్రము నేర్చుకొన్నాడు. మేము గమనించలేదు. బొమ్మలో వెండ్రుకంత గీతను పట్టే కండ్లు మావి. ఇంటిలో బిడ్డ విషయములో పనిచేయలేదు.

మరునాడు పొద్దున కిటికీ దగ్గర కూర్చొని పులిని విప్పినాము. అదృష్టవశాత్తు మరలు ఉన్నవి. అతికించి మూసినదైతే మా చేతిలో కూడా ఏమీ లేదు. ఏబీఎస్ తురుమును అసిటోనులో కరగించి బంక చేసి, విరిగిన చెవిని అతికినాము. పాత బాల్‌పెన్ను ఇత్తడి రీఫిల్లు ముక్క కోసి, రంధ్రములో గొట్టముగా దిగవేసినాము, ఇకమీద శీల రాపిడి ప్లాస్టిక్‌మీద పడకుండా. మనుమడు పక్కన కూర్చొని టార్చిలైటు పట్టినాడు. అప్పుడు వాడి ప్రశ్నకు జవాబు చెప్పినాము.

"రెండూనురా. ఒకటి పైకి కనబడుతుంటే రెండవది లోపల మడిచి ఉంటుంది. ఎక్కడికీ పోదు."

"మరి మధ్యలో ఇరుక్కుపోతే?"

"అది పులి తప్పూ కాదు, రోబో తప్పూ కాదు. కీలు తప్పు. కీలు బాగుచేసుకోవాలి."

వాడు కొంతసేపు ఆలోచించి, "స్క్రూడ్రైవరు నాకివ్వు తాతయ్యా" అన్నాడు. చివరి రెండు మరలు వాడే బిగించినాడు.

సోదరులారా, మనము బ్రతుకుతెరువుకు ఈ ఊరు వచ్చినవారము. కొందరము నిన్న వచ్చినాము, కొందరి తాతలు వచ్చినారు. మన పిల్లలకు రెండు రూపములు ఇచ్చినామని సంతోషిస్తున్నాము: వీధిలో కన్నడము, ఇంట తెలుగు. బడిలో ఇంగ్లీషు సంగతి సరేసరి. రూపములు ఇచ్చినాము, మరి కీలు ఇచ్చినామా? కీలు అంటే పెద్ద వస్తువు కాదు. వారానికి ఒకనాడు అమ్మమ్మతో ఫోనులో పది నిమిషములు. నడుమ మనము దూరి మాటలు అందించకుండా. వేసవిలో ఒక నెల ఊరు. ఇక్కడ ఆదివారము మన సంఘము నడిపే అక్షరాల తరగతి. అట్లాగే పక్కింటివారి ఉగాదికి పోయి బేవు బెల్లము తిని, మన పచ్చడి వారికి ఇచ్చి రావటము. ఇటునుండి అటు తిరగటము అలవాటైనవాడికి ఇరుక్కుపోతామనే భయము ఉండదు.

కీలెరిగి వాత పెట్టమన్నారు పెద్దలు. "అచ్చమైన తెలుగులో మాట్లాడు, లేకపోతే నోరు మూసుకో" అని బిగిస్తే విరుగుతుంది. "పోనీ, వాడికి ఏది వస్తే అదే" అని వదిలేస్తే జారిపోతుంది. ఒక బిడ్డ తడబడి "బేడ" అన్నప్పుడు నవ్వటము మాని, "వద్దు అనాలి నాయనా, కన్నడములో బేడ అంటారు" అని రెండు మాటలూ పక్కపక్కన పెడితే చాలు. అచ్చులో రెండు పాయలు వేడిమీద ఉండగా కలిస్తే గీత పడదు, చల్లారిన తరువాత కలిపితే పడుతుంది అని మనవి చేసినాము గదా. పిల్లల విషయములో ఆ వేడి బాల్యమే.

ఇక బొమ్మ కొనేవారికి నాలుగు మాటలు. 2021 జనవరి 1 నుండి మన దేశములో కర్మాగారములలో చేసే పిల్లల ఆటబొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి, లేనిది కొనవద్దు. పెట్టెమీద వయస్సు చూడండి. మూడేండ్లలోపు బిడ్డ చేతికి ఊడి వచ్చే చిన్న భాగములున్నది ఇవ్వవద్దు. దుకాణములోనే రెండు రూపములూ తిప్పించి చూడండి, రెండు రూపములలోను నిలబడుతుందేమో చూడండి. అతికించి మూసినదానికంటె మరలతో బిగించినది తీసుకోండి. బాగుచేయటానికి వీలున్న వస్తువే ఇంటిలో నిలుస్తుంది. విరిగితే వెంటనే ఇంకొకటి తెప్పించకండి. విరిగిన బొమ్మతో పిల్లవాడు ఏమి అడుగుతున్నాడో ముందు వినండి.

మా పని పూర్తిగా కుదిరిందని చెప్పము. ఇత్తడి గొట్టము మందమువలన పులి డొక్క దగ్గర సందు మిగిలింది, నడకలో కొంచెము కుంటు ఉన్నది. మా మనుమడికి మాత్రము అదే ఇష్టము. ఇట్టిది ఇంకెవరికీ లేదంటాడు.

ఇప్పుడు వాడే వేదికమీదకు వచ్చి తిప్పి చూపిస్తాడు. పదునాలుగవ మలుపు దగ్గర కొంచెము ఆగుతాడు. అది బాగుచేసిన కీలు. ఎవరూ తొందరపెట్టకండి.